అత్తయ్యగారు లెక్కపెట్టిన కప్పపిల్లలు

పెళ్లయిన మరుసటి ఏడాది జూన్‌లో నాలుగు తెల్ల ఎనామిల్ బేసిన్లు, దోమతెర గుడ్డతో కుట్టుకున్న ఒక చేతివల, డజను సీసాలు గోనెసంచిలో వేసుకుని మా అత్తవారి ఊళ్లో బస్సు దిగాను. అమలాపురానికి నాలుగైదు మైళ్ల దూరంలో కాలవ పక్కన ఉన్న ఊరది. డెబ్భైల చివరి రోజులు. నేను రాజమండ్రిలో ఒక కాలేజీలో జువాలజీ డెమాన్‌స్ట్రేటర్‌గా పనిచేసేదాన్ని. మా ఆయనకి కాకినాడలో ఉద్యోగం. మామగారు బడిపంతులు, మా పెళ్లికి ముందే పోయారు. ఊళ్లోని పెంకుటింట్లో అత్తయ్యగారు ఒక్కరే ఉండేవారు.

ఆవిడ సంచిలోకి తొంగిచూసి, "ఇన్ని బేసిన్లు దేనికమ్మాయ్?" అని అడిగారు.

"కప్పపిల్లల్ని లెక్కపెట్టడానికండి."

 ఆవిడ కాళ్లు కడుక్కోమని చెంబు అందించి, "దొడ్డిదారిన వెళ్లి దొడ్డిదారిన రా. వచ్చాక నూతి దగ్గర స్నానం చేసి లోపలికి రా" అని మాత్రం అన్నారు.

వాల్తేరులో ఒక ప్రొఫెసరు గారి దగ్గర రిసెర్చికి రిజిస్టర్ చేయించుకున్నాను. వానాకాలపు గుంటల్లో ఏయే జాతుల తోకకప్పలు, అంటే ఇంకా తోక ఊడని కప్పపిల్లలు, కలిసి బతుకుతాయి, ఏది ఏం తింటుంది, ఎన్ని మిగులుతాయి అన్నది నా విషయం. మిగతా విద్యార్థులు సముద్రం మీద, రొయ్యల మీద పనిచేస్తుంటే నాకు ఇది దొరికింది. దొరికింది అనడం కూడా సరికాదు, నేనే అడిగాను. కారణం మా అత్తవారి కొబ్బరితోట వెనక ఉన్న రెండు గోతులు.

పక్క ఆసామి భూమిలో ఎప్పుడో ఎవరో ఇటుకల కోసం మట్టి తీసిన గోతులవి. ఒకేసారి తవ్వినవి, ఒకటే లోతు, ఒకటే రేగడి మట్టి. వాటి మధ్య మనిషి నడిచేంత గట్టు. తొలకరికి నిండేవి, దీపావళి దాటితే అడుగంటేవి. చేపలు ఉండేవి కావు. ఒకే రకమైన గుంటలు రెండు పక్కపక్కన దొరకడం రిసెర్చి చేసేవాళ్లకి అదృష్టమని గైడు గారు కూడా అన్నారు.

ఆ మొదటి ఏడాది శనివారం సాయంత్రం బస్సెక్కి ఊరికి వచ్చేదాన్ని. ఆదివారం పొద్దున్న మోకాళ్లదాకా చీర ఎగదోపుకుని గోతిలోకి దిగేదాన్ని. ఒక్కో గోతి అంచున పదేసి చోట్ల వల ముంచి, పడినవాటిని తెల్ల బేసిన్‌లో పోసి, రకాల వారీగా లెక్కపెట్టి, మళ్లీ అదే గోతిలో వదిలేదాన్ని. సోమవారం తెల్లవారుజామున మొదటి బస్సుకి రాజమండ్రి వెళ్లిపోయేదాన్ని.

పడమటి గోతిలో ఎప్పుడు వల వేసినా వందల్లో పడేవి. తూర్పు గోతిలో ముప్ఫయ్యో నలభయ్యో, అవీ ఒకే జాతివి, పెద్ద పెద్దవి. సీసాల్లో నీళ్లు తీసుకెళ్లి కాలేజీ ల్యాబులో పరీక్షించాను. ఉప్పు, ఆమ్లం, ఆక్సిజన్ రెండింటిలోనూ దాదాపు ఒకటే. లెక్కలన్నీ గైడు గారికి పంపితే, మీరు వల వేసే పద్ధతిలో ఏదో పొరపాటు ఉంది, సరిచూసుకోండి అని రెండు వాక్యాల జవాబు వచ్చింది. సరిచూసుకున్నాను. మళ్లీ అవే అంకెలు వచ్చాయి.

ఆ సీజనంతా అత్తయ్యగారు నా పని గురించి ఒక్క మాట మాట్లాడలేదు. నా బేసిన్లు మాత్రం వంటింటి ఛాయలకి రాకుండా ఎడ్లసావిట్లో బోర్లించి ఉంచేవారు.

రెండో ఏడాది వేసవి సెలవుల్లో నాకు నెల తప్పింది. మే నెల ఊళ్లోనే గడిపాను, గోతుల పని మొదటి వానతో మొదలుపెట్టవచ్చని. జూన్ మొదటి వారంలో మూడో నెల ఉండగా రక్తం కనిపించింది. అమలాపురంలో డాక్టరమ్మ గారు పరీక్షించి, ఐదో నెల నిండేదాకా మంచం దిగడానికి వీల్లేదన్నారు. బస్సు ప్రయాణం అసలే వద్దన్నారు. కాలేజీకి సెలవు పెట్టాను. మా ఆయన ఆదివారాలు వచ్చి వెళ్లేవారు.

మూడు రోజులకి వాన పడింది. నడవలో మంచం మీద పడుకుని ఆ చప్పుడు వింటుంటే ఏడుపు ఆగలేదు. అత్తయ్యగారు కాఫీ పట్టుకొచ్చి పక్కన కూర్చున్నారు.

"కడుపులో నొప్పిగా ఉందా?"

"లేదండి."

"మరి?"

"గోతులు నిండిపోతాయి. ఈ సీజను పోతే మళ్లీ ఏడాదిదాకా ఏమీ ఉండదు. గైడు గారు ఇప్పటికే నా లెక్కలు నమ్మడం లేదు."

 నేను కాఫీ తాగేదాకా ఆవిడ అక్కడే ఉండి గ్లాసు పట్టుకుని వెళ్లిపోయారు. మర్నాడు నాకు మెలకువ వచ్చేసరికి గుమ్మంలో నిలబడి ఉన్నారు. తెల్లచీర కొంగు నడుముకి బిగించారు. ఒక చేతిలో నా వల, రెండో చేతిలో బేసిను.

"ఏం చెయ్యాలో చెప్పు."

"మీరెందుకండీ, బురదలో..."

"నువ్వు మంచం దిగకుండా ఉండాలంటే నాకు ఇంకో దారి కనపడటం లేదు. రాత్రి రెండుసార్లు లేచి కిటికీ దగ్గరికి వెళ్లావు. నేను చూశాను. చెప్పు."

అప్పుడావిడకి యాభై ఆరేళ్లు. మూడో తరగతి దాకా చదువుకున్నారు. తెలుగు బాగా చదివేవారు, నెమ్మదిగా రాసేవారు. మడి విషయంలో చాలా పట్టింపు. కానీ ఎలాగూ తెల్లవారగానే నూతి దగ్గర స్నానం చేసే అలవాటు కాబట్టి, స్నానానికి ముందు గోతుల పని పెట్టుకుంటే ఇబ్బంది లేదని ముందే ఆలోచించుకున్నారు.

చెప్పాను. పది చోట్ల వల వెయ్యాలి, తొందరపడకూడదు, ఏ గోతిలో పట్టినవి ఆ గోతిలోనే వదలాలి. రాసుకోవడం మాత్రం ఆవిడ తన పద్ధతిలో చేశారు. నాలుగు కొబ్బరి చిప్పలు, ఒక గుడ్డసంచి నిండా చింతపిక్కలు తీసుకెళ్లేవారు. ఒక్కో రకానికి ఒక చిప్ప. ఒక కప్పపిల్లకి ఒక పిక్క. నల్లవి మరీ ఎక్కువ కాబట్టి వాటికి పదింటికి ఒక పిక్క. రెండు గోతులవీ కలిసిపోకుండా పడమటి గోతి లెక్క పూర్తయ్యాక ఇంటికొచ్చి, నాకు చిప్పలు చూపించి, నేను రాసుకున్నాక మళ్లీ తూర్పు గోతికి వెళ్లేవారు.

నేను లాటిన్ పేర్లు చెప్పబోతే వద్దన్నారు. తనే పేర్లు పెట్టుకున్నారు. ఇళ్లల్లో మూలల్లో చేరే గరుకు కప్ప పిల్లలు నల్లగా, గుంపులు గుంపులుగా ఒడ్డునే తిరుగుతాయి. అవి నల్లవి. గోరంత కప్ప పిల్లలు ఒళ్లంతా గాజులా ఉండి, పేగు కూడా బయటికి కనిపిస్తుంది. అవి గాజువి. ఒడ్డున గడ్డికి సబ్బునురగలాంటి గూడు కట్టి, అందులోంచి నీళ్లలోకి జారేవి నురగవి. తొలకరికి పసుపురంగు తిరిగి బొబ్బలు పెట్టే పెద్ద బావురుకప్పల పిల్లలు దళసరి తోకతో, వెడల్పు నోటితో ఉంటాయి. అవి బండవి. నా నోటు పుస్తకంలో ఇప్పటికీ ఎడమవైపు లాటిను, దాని పక్కన ఆవిడ పేర్లు ఉన్నాయి.

ఊళ్లో నాలుగు రోజులు నవ్వుకున్నారు. కాలవ రేవులో ఎవరో, "పంతులుగారి ఇల్లాలు కప్పలు పడుతున్నారంట!" అన్నారట. "కోడలి చదువు" అని ఈవిడ నడుచుకుంటూ వచ్చేశారట. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో కోపం గానీ గొప్ప గానీ లేవు.

పదకొండో రోజు పొద్దున తూర్పు గోతి నుంచి చాలా తొందరగా తిరిగి వచ్చారు. చిప్పల్లో పిక్కలు లేవు.

"అమ్మాయ్, తింటున్నాయి."

"ఏం తింటున్నాయండీ?"

"బండవి. గాజువాటిని తింటున్నాయి. తోక పట్టుకుని లాగి తింటోంది, నా కళ్లముందే."

మా పాఠ్యపుస్తకాల్లో తోకకప్ప అంటే పాచి తినే జీవి. ఏళ్ల తరబడి పిల్లలకి నేను చెప్పిన పాఠం అదే. "చచ్చినవాటిని పీక్కుతింటాయండి, అది మామూలే" అన్నాను.

"చచ్చినదానికీ బతికినదానికీ తేడా నాకు తెలీదా? అది గింజుకుంటోంది."

నేను నమ్మలేదని ఆవిడకి తెలిసిపోయింది. వెళ్లి ఒక గాజుసీసాలో గోతి నీళ్లు, ఒక బండది, ఆరు గాజువి పట్టుకొచ్చి నా మంచం పక్కన కిటికీలో పెట్టారు. నేను పక్కకి తిరిగి పడుకుని చూస్తూ ఉన్నాను. గంటసేపు ఏమీ జరగలేదు. తరువాత బండది అడుగునుంచి పైకి వచ్చి ఒక గాజుదాన్ని నడుం దగ్గర పట్టుకుంది. మధ్యాహ్నం భోజనాల వేళకి సీసాలో మూడు గాజువి మిగిలాయి.

ఆవిడ మడిచీరలోనే దూరంగా నిలబడి అది చూశారు. పుట్టి బుద్ధెరిగి గుడ్డు కూడా ముట్టని మనిషి. సాయంత్రం సీసా తీసుకెళ్లి గోతిలో వంపేసి వచ్చి, "ఇంకెప్పుడూ ఈ పని నాకు చెప్పకు" అన్నారు.

"రిసెర్చికి కావాలండి. గైడు గారు కూడా ఇలాంటివే చెయ్యమంటారు. ఇంకో పది సీసాలు పెడితే..."

"గోతిలో తింటే అది వాటి గొడవ. సీసాలో వేసి మూత పెడితే చంపింది నేనే అవుతాను. లెక్కపెట్టమంటే రోజూ లెక్కపెడతాను. ఇది చెయ్యను."

రెండుమూడు రోజులు బతిమాలాను. చెయ్యలేదు. నాకు కోపం వచ్చింది. మంచం మీద ఉన్నదాన్ని, ఆవిడ చేతులే నాకు చేతులు, ఆ చేతులు ఒకచోట ఆగిపోయాయి. ఆ తరువాత నేనూ అడగడం మానేశాను. నా థీసిస్‌లో సీసా ప్రయోగం అంటూ ఉన్నది ఆ ఒక్కటే.

బండవి తింటాయని తేలింది. దాంతో తూర్పు గోతిలో మిగతావి ఎందుకు మిగలడం లేదో అర్థమైంది. కానీ బండవి పడమటి గోతిలో ఎందుకు లేవు? బావురుకప్పలకి రెండు గోతులూ ఒకటే కదా. ఈ ప్రశ్న నేను ఆవిడతో పైకి అన్నాను. ఆవిడా ఆలోచించారు.

ఆ రోజుల్లో కప్పకాళ్ల వ్యాపారం ఉండేది. కాకినాడ నుంచి లారీలు వచ్చేవి. తొలకరి పడిందంటే ఊరి చివర కొందరు గోనెసంచులు తీసుకుని బావురుకప్పలు పట్టడానికి బయల్దేరేవారు. ఒకరోజు పొద్దున గోతుల దగ్గర అత్తయ్యగారికి అలాంటి మనిషి ఒకడు ఎదురుపడ్డాడు. నలభై ఏళ్లుంటాయి, సంచి వీపున వేసుకుని ఇంటికి పోతున్నాడు. ఆవిడ అతన్ని వెంటబెట్టుకుని వచ్చి మా నడవ కిటికీ బయట నిలబెట్టారు.

"నాకు చెప్పింది అమ్మాయికి చెప్పు" అన్నారు.

అతను సంచి కింద పెట్టి, "ఆయ్, చెప్పడానికి ఏముందండీ" అన్నాడు నాకేసి చూడకుండా. "ఈ గోతులకాడ కప్పలు పట్టొద్దంటున్నారు అమ్మగారు. తవరు తినరు కదండీ, మరి దేనికండీ అన్నాను. అమ్మాయిగారి చదువంటున్నారు."

"అది కాదు. పడమటి గోతి సంగతి చెప్పు."

"అదాండి. మొదటి వానకి రెండు గోతుల్లోనూ దిగాయండి పెద్దకప్పలు. పడమటిపక్క గట్టు పల్లంగా ఉంటాదండి, దిగడానికి వీలు. అందుకని అటుపక్కవన్నీ నేను పట్టేశాను. ఓ ఇరవై ఉంటాయండి. తూర్పుపక్క గట్టు నిలువుగా ఉంటాది, ముళ్లకంపలు కూడానూ. అటు నేను పోనండి."

"కిందటేడు కూడా అంతేనా?" అని అడిగాను.

"ఏటా అంతేనండి. నేను చిన్నప్పట్నించీ ఆ గట్టునే దిగుతాను."

కిందటేడు ఆదివారాలు మాత్రమే వచ్చి వెళ్లిన నాకు, వల పట్టుకుని ఎంత సరిచూసుకున్నా ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు. తూర్పు గోతిలో బావురుకప్పలు మొదటి వానకే గుడ్లు పెట్టాయి. వాటి పిల్లలు ముందు పుట్టి, ఆ తరువాత వచ్చిన చిన్నజాతుల పిల్లల్ని పుట్టినవి పుట్టినట్టు తినేశాయి. పడమటి గోతిలో గుడ్లు పెట్టాల్సిన కప్పలు సంచిలో వెళ్లిపోయాయి. అందుకని అక్కడ చిన్నవన్నీ పెరిగాయి. నీళ్లలో ఆక్సిజన్‌కీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

నేను నోటు పుస్తకం తీసుకుని గబగబా రాస్తుంటే అతను ఇంకా నిలబడే ఉన్నాడు. అత్తయ్యగారు లోపలినుంచి ఒక అరటిగెల సగం కోసి తెచ్చి అతని సంచి పక్కన పెట్టారు. "తూర్పుపక్కకి ఎప్పటికీ పోవద్దు, పడమటిపక్క నువ్వు ఎప్పుడూ చేసేదే చెయ్యి" అని నేను చెప్పాను. అతను తల ఊపి వెళ్లాడు. ఈ మాట విని అత్తయ్యగారు, "పాపం కప్పలు" అని గొణుక్కున్నారు గానీ నాకు అడ్డు చెప్పలేదు.

జూలై మొదట్లో వాయుగుండం పట్టింది. రెండు రోజులు కుండపోత. కాలవ పొంగి కొబ్బరితోటలోకి నడుములోతు నీళ్లు వచ్చాయి. నడవలోంచి చూస్తే గోతులూ గట్టూ అన్నీ ఒకటే నీరు. ఆ రెండు రోజులూ ఆవిడ వెళ్లలేదు, వెళ్లే వీలు లేదు.

మూడో రోజు నీళ్లు తీశాయి. ఆవిడ వెళ్లి వచ్చి, "పడమటి గోతిలోకి బండవి వచ్చేశాయి. పద్దెనిమిది పడ్డాయి" అని మొహం వేలాడేసుకుని చెప్పారు. నెలరోజులుగా తను లెక్కపెడుతున్న గాజువి, నల్లవి ఇక మిగలవని ఆవిడ దిగులు. నిజానికి నా దిగులూ అదే. రెండు గోతులూ కలిసిపోతే ఇక పోల్చడానికి ఏముంటుంది?

ఆ మధ్యాహ్నం నేను పట్టికలో ఆ రెండు రోజుల గళ్లు నింపుతున్నాను. ముందురోజు అంకెకీ తరువాతిరోజు అంకెకీ మధ్యలో పడేట్టు చూసుకుని వేస్తున్నాను. ఆవిడ కూర తరుగుతూ చూశారు.

"చిప్పలు ఖాళీగా ఉన్నాయి కదా, ఏం రాస్తున్నావ్?"

"ఆ రెండు రోజులవండి. సుమారుగా వేస్తున్నాను. అందరూ అలాగే చేస్తారు, పట్టిక చూడ్డానికి బావుంటుంది."

"నేను వెళ్లలేదు కదమ్మాయ్."

"తెలుసండి, కానీ..."

"వెళ్లలేదని రాయి." అంతే అన్నారు. మళ్లీ బెండకాయలు తరుక్కోవడంలో పడ్డారు.

సిరాతో రాశాను కాబట్టి చెరపడానికి వీలులేక అడ్డంగా కొట్టేసి, పక్కన "నీళ్లు వచ్చాయి, లెక్కపెట్టలేదు" అని రాశాను. రాసేటప్పుడు చెవులు వేడెక్కాయి. ఆవిడ తలెత్తి చూడలేదు.

తరువాత జరిగింది మేమిద్దరం అనుకోనిది. పడమటి గోతిలోకి బండవి వచ్చాక కూడా అక్కడి చిన్నవి నాశనం కాలేదు. అప్పటికి గాజువాటికి వెనకకాళ్లు వచ్చేశాయి, నల్లవి చాలామటుకు ముందుకాళ్లు కూడా తొడిగి గట్టెక్కడం మొదలుపెట్టాయి. రోజూ పొద్దున్నే గట్టు మీద మినప్పప్పు బద్దంత కప్పపిల్లలు వందలుగా గెంతుతూ ఉన్నాయని, అడుగు వెయ్యడానికి భయంగా ఉందని చెప్పేవారావిడ. వారం తిరిగేసరికి వాటిలో చాలా భాగం ఒడ్డు చేరాయి. అంటే బండవి ఎన్ని ఉన్నాయన్నది ఒక్కటే కాదు, ఎప్పుడు వచ్చాయన్నది అంతకంటే ముఖ్యం. వాన చేసిన ఆ ప్రయోగం నేను చెయ్యాలనుకున్నా చేతనయ్యేది కాదు. మరోవైపు తూర్పు గోతిలో తినడానికి ఇంకేమీ లేక బండవి ఒకదాన్నొకటి తినడం మొదలుపెట్టాయి. నలభై ఉన్నవి పది రోజుల్లో పంతొమ్మిదయ్యాయి. ఈ సంగతి ఆవిడకి బాగా బాధ కలిగించింది. ఆ వారమంతా అన్నం సరిగ్గా తినలేదు.

ఇవన్నీ రాసి వాల్తేరు పంపాను. ఎవరు లెక్కపెట్టారో కూడా రాశాను. ఇరవై రోజులకి గైడు గారే స్వయంగా బయల్దేరి వచ్చారు. పొడుగాటి మనిషి, మితభాషి. నడవలో కుర్చీ వేసి కూర్చోబెట్టాము. అత్తయ్యగారు తలుపు చాటున నిలబడ్డారు. ఆయన పట్టికలన్నీ తిరగేసి, కొట్టేసిన గళ్ల దగ్గర వేలు ఆపారు.

"ఈ రెండు రోజులు ఏమైంది?"

నేను జవాబు చెప్పేలోపే తలుపు చాటునుంచి, "నీళ్లొచ్చాయండి. వెళ్లలేదు" అన్నారు అత్తయ్యగారు.

ఆయన తల ఊపి పుస్తకం మూశారు. "మీరు ఏమీ అనుకోకపోతే అమ్మగారూ, నేనొకసారి మీరు లెక్కపెట్టేది చూడాలండి. రేపు పరీక్షకులు నన్ను అడుగుతారు. నేను చూశానని చెప్పగలగాలి" అన్నారు.

ఆయనే పడమటి గోతికి వెళ్లి, తనే వల వేసి, తరువాతి వానలకి కొత్తగా పుట్టినవాటిని బేసిను నిండా పట్టుకొచ్చి అరుగు మీద పెట్టారు. తను ముందు లెక్కపెట్టి చీటీ మీద రాసుకుని, చీటీ జేబులో పెట్టుకున్నారు. నా మంచం గుమ్మం దగ్గరికి జరిపించుకుని నేనూ చూస్తున్నాను. అత్తయ్యగారు బేసిను ముందు పీట వేసుకుని కూర్చున్నారు. ఆ రోజు నల్లవాటికి కూడా ఒక్కోదానికి ఒక పిక్క వేశారు. పిక్కలు ఒక్కొక్కటే చిప్పల్లో పడుతుంటే ఆ టకటకలు తప్ప ఏమీ వినపడలేదు. పావుగంట పట్టింది.

"నల్లవి యాభై రెండండి. గాజువి ఇరవై ఏడు. నురగవి ఎనిమిది. బండవి మూడు. ఇంకో మూడు ఏవో వేరే ఉన్నాయి, అవి నేను ఇదివరకు చూడలేదు. వాటికి పేరు లేదు."

ఆయన చీటీ తీసి చూసుకున్నారు. "నల్లవి నాకు యాభై ఐదు వచ్చాయి" అన్నారు.

"అందులో మూడు నల్లవి కావండి. రంగు అంతే ఉంటుంది గానీ తోక చివర సన్నంగా పోయింది. చూడండి."

ఆయన కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, పెట్టుకుని, బేసిను మీదికి వంగారు.  లేచాక, "అవునండి, అది వేరే జాతి. నేను పొరపాటు పడ్డాను" అన్నారు. తరువాత భోజనం పెడితే రెండోసారి పప్పు అడిగి వేయించుకున్నారు. సాయంత్రం బస్సెక్కే ముందు నాతో, "ఆవిడ లెక్క అంతా థీసిస్‌లో పెట్టుకోండి. ఎవరి లెక్కో ముందుమాటలో రాయండి" అన్నారు.

పుష్యమాసంలో నాకు అమ్మాయి పుట్టింది. కాన్పు తేలిగ్గానే జరిగింది.

మూడో ఏడాది అదే పని మళ్లీ చేసి, లెక్కలు బలపరచుకోవాలని అనుకున్నాం. ఏప్రిల్‌లో ఆ భూమి ఆసామి గోతుల మధ్య గట్టు తీయించి, రెండూ కలిపి లోతు చేయించి, చేపపిల్లల్ని వేశాడు. అతని భూమి, అతని ఇష్టం. చేపలున్న చెరువులో తొలకరికి మూడు వారాలు వెతికినా నాకు దొరికినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పరీక్ష రోజున ఒక పరీక్షకులు, "ఒక్క సీజను రోజువారీ లెక్కే ఉంది, రెండోది ఎందుకు లేదు?" అని అడిగారు. గోతులు లేవండి అని చెప్పాను. ఆయన నమ్మారో లేదో తెలియదు. దిద్దుబాట్లతో పాస్ చేశారు.

థీసిస్ అచ్చు ప్రతి తీసుకెళ్లి చూపిస్తే అత్తయ్యగారు ఇంగ్లీషు పేజీలు ఊరికే తిప్పి, పట్టికల దగ్గర ఆగి, మనవరాలిని ఒళ్లో సర్దుకుని, "మన అంకెలేనా?" అని అడిగారు. మనవే అన్నాను.

తరువాత కొన్నాళ్లకి గైడు గారి దగ్గరనుంచి ఆవిడ పేరు మీద ఒక ఉత్తరం వచ్చింది. ముత్యాల్లాంటి తెలుగు అక్షరాలతో రాశారు. మీ పరిశీలన చాలా ఉపయోగపడింది, కృతజ్ఞతలు, మీ దృష్టికి ఇంకేమైనా వచ్చి ఉంటే తెలియజేయండి అని ఉంది. ఆవిడ రెండుసార్లు చదివారు. మర్నాడు నాచేత ఒక ఇన్‌లాండ్ కవరు తెప్పించుకుని, వంటయ్యాక వీధి అరుగు మీద కూర్చుని తనే జవాబు రాశారు. నన్ను రాయనివ్వలేదు. పోస్టులో వెయ్యడానికి ఇచ్చే ముందు చదవమన్నారు.

క్షేమ సమాచారాలు అయ్యాక ఒక్కటే ప్రశ్న ఉంది. తూర్పు గోతిలో బండవి ఒకదాన్నొకటి తిన్నాయి కదా, ఒక్క తల్లి పిల్లలు కూడా ఒకదాన్నొకటి తింటాయా, లేక వేరే తల్లి పిల్లల్ని మాత్రమే తింటాయా? తోబుట్టువని వాటికి తెలుస్తుందా?

ఆ ప్రశ్న నా బుర్రకి తట్టనే లేదు. ఏడాదిన్నర ఆ అంకెల మీద కూర్చున్నదాన్ని.

జవాబు రావడానికి నెల పట్టింది. తనకి తెలియదని, తను చదివినంతలో మన దేశంలో ఎవరూ ఈ సంగతి చూసినట్టు లేదని, వచ్చే ఏడాది ఒక విద్యార్థి చేత ఈ పని చేయించాలని ఉందని ఆయన రాశారు. అత్తయ్యగారు ఉత్తరం మడిచి పంచాంగంలో పెట్టుకున్నారు.

"ఆ చేసేవాళ్లకి చెప్పమను," అన్నారు నాతో, "గుడ్లు తెచ్చినప్పుడే ఏ తల్లివి ఆ తల్లివి విడివిడిగా పెట్టుకోమని. పిల్లలయ్యాక విడదియ్యడం నావల్ల కూడా కాదు."